రిపేరు పూర్తయింది సరే.. అప్పగింత సంగతేంటి? డ్యామ్ గేటు, వంతెన ఉక్కు చేతులు మారేటప్పుడు ఏం జరగాలి?

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ నిండుకుండలా ఉంది. మొత్తం 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగిపోయింది. గేటు వరదలో కొట్టుకుపోయింది. తెల్లారేసరికి అనంతపురం, కర్నూలు, గద్వాల రైతుల ఫోన్లలో ఒకటే వీడియో, ఒకటే ప్రశ్న. ఈ నీళ్లు ఎలా ఆపుతారు?

వారంలో ఆపారు. గేట్ల నిపుణుడు, విశ్రాంత ఇంజినీరు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో స్టాప్‌లాగ్‌లు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చే ఉక్కు పలకలు తయారు చేయించి, పారుతున్న నీటిలోనే దించారు. ఆగస్టు 17 నాటికి ఖాళీ మూసుకుంది. ఆ పని చేసినవాళ్లకు అన్ని వైపుల నుంచీ చప్పట్లు దక్కాయి. అవి దక్కాల్సినవే.

అయితే ఆ పలకలు ఎన్ని చేతులు మారాయో గమనించండి. కొలతలు తీసినవాళ్లు ఒకరు. వర్క్‌షాపులో కోసి, వెల్డింగ్ చేసినవాళ్లు ఇంకొకరు. క్రేన్లతో దించినవాళ్లు వేరొకరు. చివరికి ఏళ్ల తరబడి దాన్ని కాపలా కాయాల్సింది డ్యామ్ నిర్వహణ సిబ్బంది. ఒక్కో చెయ్యి మారినప్పుడల్లా ఉక్కుతో పాటు ఇంకొకటి కూడా మారాలి. అది ఆ ఉక్కు చరిత్ర.

'రిపేరు పూర్తి' అని వార్త వస్తుంది. 'అప్పగింత పూర్తి' అనే వార్త ఎప్పుడూ రాదు. పెద్ద ప్రమాదాలు కొన్ని సరిగ్గా ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే పుట్టాయి. ఆ సందు ఏమిటో, అందులో ఏం జారిపోతుందో చూద్దాం.

అసలు అప్పగింత అంటే ఏమిటి?

ఒక బృందం బాగు చేసిన ఉక్కు భాగాన్ని, అంటే గేటు, గర్డర్, కేబుల్, రాడ్, గొలుసు, ఏదైనా కానీ, మరో బృందం తీసుకుని బిగించడమో, వాడుకలోకి తేవడమో చేస్తుంది. అలా తీసుకునే క్షణమే అప్పగింత.

లారీలోంచి దించుకుని చలానా మీద సంతకం పెడితే సరుకు చేరినట్టు. అంతే. అప్పగింత అనాలంటే రెండు పక్షాలూ కలిసి ఆ భాగాన్ని చూడాలి. ఏం పాడైంది, ఏం మార్చారు, ఏం మార్చకుండా వదిలేశారు, ఏ పరీక్ష చేశారు, ఎంత బరువు మోయగలదు, ఎప్పటిదాకా మోయగలదు అన్నవి కాగితం మీద ఉండాలి. ఆ కాగితం కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి.

మన ప్రభుత్వ పనుల్లో కాగితాలకు కొదవ లేదు. పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్, ఇంజినీర్ల మాటల్లో ఎం-బుక్, ఉంటుంది. దాని ఆధారంగానే బిల్లు పాసవుతుంది. కానీ ఎం-బుక్ ప్రధానంగా డబ్బు కోసం పుట్టిన పుస్తకం. ఉక్కు పని అందులో సాధారణంగా బరువు లెక్కన ఎక్కుతుంది. ఎన్ని టన్నులు వాడారో అది చెబుతుంది. పాత పగులు ఏ అంచున ఉండేదో, దాన్ని ఎంత లోతు గీకి వెల్డింగ్ చేశారో అందులో వెతికితే దొరకదు. బిల్లు చెల్లించడానికి ఆ వివరం అక్కర్లేదు. వంతెన మీద నడిచేవాడి ప్రాణానికి మాత్రం కావాలి.

రిపేరైన ముక్కకు ప్రత్యేక జాగ్రత్త ఎందుకు?

కొత్త ఉక్కు పలక ఫ్యాక్టరీ నుంచి మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌తో వస్తుంది. ఏ కొలిమి బ్యాచ్‌లో పోశారో చెప్పే హీట్ నంబరు దాని మీద ఉంటుంది. అందులో ఏ మూలకం ఎంత శాతం ఉందో, ఎంత లాగితే తెగుతుందో రాసి ఉంటుంది.

రిపేరైన ముక్క సగం పాతది, సగం కొత్తది. కొత్త సగానికి కాగితం ఉంటుంది. పాత సగం ఎన్నేళ్లు ఎన్ని లక్షల సార్లు వంగి లేచిందో, లోపల ఎంత అలసిందో పైకి కనిపించదు. పెయింట్ వేశాక రెండూ ఒకేలా మెరుస్తాయి. తీసుకునే బృందం కంటికి అది కొత్త ముక్కే.

వెల్డింగ్‌తో ఇంకో చిక్కుంది. కొన్ని రకాల గట్టి ఉక్కులో, మందపాటి పలకల్లో వెల్డింగ్ పగులు వెంటనే రాదు. లోపల చిక్కుకున్న హైడ్రోజన్ వల్ల గంటలు, ఒక్కోసారి ఒకట్రెండు రోజులు గడిచాక వస్తుంది. అందుకే అలాంటి చోట్ల 48 గంటలు ఆగి అల్ట్రాసోనిక్ లాంటి పరీక్షలు చేయాలంటారు. సాయంత్రం అతికించి, రాత్రి పరీక్షించి, పొద్దున్నే క్రేన్‌కి తగిలిస్తే రిపోర్టులో 'లోపం లేదు' అనే ఉంటుంది. ఆ మాట పరీక్ష చేసిన గంట వరకే నిజం.

బోల్టులదీ అదే కథ. పూర్తిగా బిగించిన హై స్ట్రెంగ్త్ బోల్టును విప్పాక మళ్లీ వాడకపోవడమే క్షేమం. కానీ రిపేరు కోసం విప్పిన బోల్టులను డబ్బాలో పోసి ముక్కతో పాటే పంపిస్తే, అవి పాతవో కొత్తవో అవతలి బృందానికి ఎవరు చెప్పాలి?

మోర్బీలో ఏం జరిగింది?

ఈ ప్రశ్నలకు జవాబులు లేకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛూ నది మీద 19వ శతాబ్దంలో కట్టిన తీగల వంతెన ఉండేది. 2022 మార్చిలో దాని నిర్వహణను ఒక ప్రైవేటు సంస్థకు ఒప్పందం మీద ఇచ్చారు. మరమ్మతుల కోసం వంతెన మూసేశారు. ఆ సంస్థ పనిని మరో సంస్థకు ఇచ్చింది. అక్టోబరు 26న, గుజరాతీ కొత్త సంవత్సరం నాడు, జనాన్ని మళ్లీ అనుమతించారు. నాలుగు రోజులకు, అక్టోబరు 30 సాయంత్రం, సెలవు సందడిలో అది తెగిపోయింది. 135 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలు చాలామంది.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ప్రత్యేక దర్యాప్తు బృందం ప్రాథమిక నివేదికలో బయటపెట్టిన విషయాలు అప్పగింత గురించి ఒక పాఠ్య పుస్తకం లాంటివి.

ప్రధాన కేబుల్‌లో ఉన్న తీగలు 49. వాటిలో 22 తుప్పు పట్టి ఉన్నాయి. అవి ప్రమాదానికి ముందే తెగిపోయి ఉండొచ్చని బృందం అంచనా వేసింది. అంటే బరువంతా మిగిలిన 27 తీగలదే.

కేబుల్ నుంచి నడకదారిని వేలాడదీసే పాత సస్పెండర్లను కొత్త రాడ్లతో వెల్డింగ్ చేసి అతికించారు. కింద చెక్క పలకలు తీసేసి అల్యూమినియం పలకలు పరిచారు. దాంతో వంతెన సొంత బరువు పెరిగింది. తెరవడానికి ముందు బరువు పరీక్ష చేయలేదు.

ఇక కాగితం సంగతి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తమ నుంచి తీసుకోలేదని మున్సిపాలిటీ అధికారి ప్రమాదం తర్వాత చెప్పారు. వంతెన యజమాని మున్సిపాలిటీ. నడిపేది ఒక సంస్థ. రిపేరు చేసింది ఇంకో సంస్థ. ముగ్గురిలో ఎవరు ఎవరికి, ఏ పరీక్ష ఆధారంగా, ఎంతమందిని మోయగలదని చెప్పి అప్పగించారు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఉమ్మడి పత్రం ఒక్కటి ఉండి ఉంటే, కనీసం 'కేబుల్ ముట్టుకోలేదు' అన్న వాక్యం అందులో రాయాల్సి వచ్చేది. అది రాయాల్సి వస్తే సంతకం పెట్టే చెయ్యి ఒక్క క్షణమైనా ఆగేది.

మార్చింది ఏమిటో చెప్పడం తేలిక. రంగు, పలకలు, రెయిలింగ్ కంటికి కనిపిస్తాయి. మార్చనిది ఏమిటో చెప్పడమే అప్పగింతలో అసలు పని.

పేరున్న ఇంజినీర్లు ఉన్నచోట ఇలా జరగదా?

జరుగుతుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ నగరాలను కలిపే బే బ్రిడ్జ్ ఇందుకు ఉదాహరణ. మన తెలుగు టెకీలు వేలమంది రోజూ దాటే వంతెన అది. 1989 భూకంపంలో పాత వంతెనలో కొంత భాగం కూలింది. దాంతో తూర్పు భాగాన్ని సుమారు 640 కోట్ల డాలర్లతో కొత్తగా కట్టారు.

ఈ వంతెనలో ఒక స్తంభం పైన, భూకంపం వచ్చినప్పుడు డెక్ పక్కకు జరగకుండా పట్టి ఉంచే భారీ ఉక్కు భాగాలు ఉంటాయి. వాటిని స్తంభానికి బిగించడానికి 3 అంగుళాల మందం రాడ్లు పెట్టారు. స్తంభం కట్టే కాంట్రాక్టు ఒకరిది. పైన ఉక్కు వంతెన నిలబెట్టే కాంట్రాక్టు వేరొకరిది. మొదటి బృందం 2008లో 96 రాడ్లను స్తంభంలోని గొట్టాల్లో దించి వెళ్లిపోయింది. రెండో బృందం వచ్చి వాటిని బిగించింది 2013 మార్చిలో.

మధ్యలో ఐదేళ్లు. ఆ గొట్టాల్లో వాన నీళ్లు చేరాయి. రాడ్లు ఆ నీళ్లలో నానాయి. 2013 మార్చి మొదటి వారంలో వాటిని గట్టిగా లాగి బిగించారు. రెండు వారాలు తిరక్కుండానే 96లో 32 విరిగిపోయాయి.

కారణం హైడ్రోజన్. చాలా గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరితే అది సాగే గుణం పోగొట్టుకుని గాజులా పెళుసవుతుంది. లాగి బిగించాక విరుగుతుంది. నీరు ఒక్కటే కాదు, ఆ రకం గట్టి ఉక్కుకు జింక్ పూత వేయాలన్న ఎంపిక, ఆ రాడ్ల ఉక్కులోని లోపాలు కూడా దర్యాప్తులో చర్చకు వచ్చాయి. 2010లో తయారైన మరో 192 రాడ్లు అదే స్తంభం మీద నిలబడ్డాయి.

విరిగిన రాడ్లను లాగేసి కొత్తవి పెట్టడానికి వీల్లేదు. అప్పటికే పైన డెక్ వచ్చేసింది. చివరికి వాటి పని చేయడానికి స్తంభం చుట్టూ ఉక్కు జీనులాంటి నిర్మాణం తొడిగి కేబుళ్లతో బిగించారు. దానికి సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చయింది.

ఇక్కడ దొంగ సరుకు లేదు, లంచం ఆరోపణ లేదు. ఒక బృందం పని ముగిసింది, ఇంకో బృందం పని మొదలు కాలేదు. ఆ మధ్య ఐదేళ్లు గొట్టాల్లోకి తొంగి చూడటం ఎవరి ఉద్యోగం అన్న ప్రశ్నే మిగిలింది. ఇద్దరి మధ్య ఉన్న ఇంటి గోడకు సున్నం ఎవరు వేయాలన్నట్టు.

రిపేరు తర్వాత ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి?

అదే బే బ్రిడ్జ్ పాత భాగం ఈ ప్రశ్నకూ జవాబిచ్చింది. కొత్తది ఇంకా కడుతున్న రోజులవి. 2009 సెప్టెంబరులో సెలవు రోజుల్లో ట్రాఫిక్ ఆపి వేరే పని చేస్తుండగా, పాత వంతెనలో బరువు మోసే ఒక ఉక్కు కమ్మీలో పగులు కనిపించింది. రాత్రింబవళ్లు పని చేసి పగులు చుట్టూ ఉక్కు పట్టీలు, రాడ్లు బిగించారు. వంతెన తెరిచారు.

అక్టోబరు 27న పెనుగాలులకు ఆ రిపేరు భాగాలే ఊడి, 2 టన్నులకు పైగా ఉక్కు రోడ్డు మీద పడింది. వాహనాలు దెబ్బతిన్నాయి, అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. నవంబరు 2 దాకా వంతెన మూసేశారు. గాలికి రాడ్లు అదురుతూ ఒరుసుకుని అరిగిపోవడమే కారణమని తేలింది.

రిపేరు చేసినవాళ్లు బరువు లెక్క చూశారు. గాలికి వచ్చే అదురును తక్కువ అంచనా వేశారు. సరిగ్గా ఇలాంటి తప్పుల కోసమే అప్పగింత పత్రంలో 'మొదటి వారం రోజూ, తర్వాత నెలకోసారి, పెనుగాలి తర్వాత తప్పనిసరిగా చూడాలి' అని ఒక వరుస ఉండాలి. ఎవరు చూడాలో హోదాతో సహా రాయాలి.

మన దగ్గర మంచి పద్ధతే లేదా?

ఉంది, మీరు దాన్ని ఎన్నోసార్లు చూశారు కూడా. రైల్లో వెళ్తుంటే ఒక్కోసారి ఏ స్టేషనూ లేని చోట, వంతెన దగ్గర బండి నడక వేగానికి తగ్గిపోతుంది. విసుక్కుంటాం. అక్కడ పట్టాల పనో, వంతెన గర్డర్ల పనో జరిగి ఉంటుంది. పని అయిపోగానే రైల్వే పూర్తి వేగానికి అనుమతి ఇవ్వదు. ముందు తక్కువ వేగంతో బళ్లు పంపి, బాధ్యత ఉన్న ఇంజినీరు చూసి, దశలవారీగా వేగం పెంచుతుంది. ఆ పరిమితి లోకో పైలట్‌కు కాగితం మీద అందుతుంది.

అంటే 'బాగైంది' అన్న ఒక్క మాట మీద కాకుండా 'ఇంతవరకు బాగైంది' అన్న షరతు మీద వంతెన చేతులు మారుతుంది. రిపేరు చేసిన బృందం, బండ్లు నడిపే బృందం ఒకే కాగితం చదువుతాయి.

విమానాల్లో ఇంకా గట్టిగా ఉంటుంది. రిపేరై వచ్చిన భాగానికి అధీకృత సంస్థ ఇచ్చిన విడుదల పత్రం లేకపోతే, అది ఎంత మెరుస్తున్నా విమానంలో బిగించరు. ఉక్కు గేటుకూ, ఫుట్‌ఓవర్ బ్రిడ్జికీ అలాంటి ఒక ట్యాగ్ ఎందుకు ఉండకూడదు? దానికయ్యే ఖర్చు ప్రాజెక్టు ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

సరైన అప్పగింతలో ఏమేం ఉండాలి?

ఇంజినీరింగ్ భాష పక్కన పెడితే ఏడు విషయాలు.

1. గుర్తింపు: ముక్క మీద చెరిగిపోని నంబరు గుద్ది ఉండాలి. డ్రాయింగ్‌లో, పరీక్ష రిపోర్టులో, పత్రంలో అదే నంబరు కనిపించాలి. నంబరు కలవకపోతే రిపోర్టు ఏ ముక్కదో చెప్పలేం.

2. పాత జబ్బు: ఏం పాడైంది, ఎందుకు పాడైంది. గొలుసు తెగితే కొత్త గొలుసు వేయడం చికిత్స. ఎందుకు తెగిందో తెలియకపోతే పక్క గేటు గొలుసుకూ అదే గతి పట్టొచ్చు.

3. చేసినది, చేయనిది: రెండు వేర్వేరు జాబితాలు. రెండోది ఖాళీగా ఉంటే అనుమానించాలి.

4. పరీక్షలు: కొలతలు, వెల్డింగ్ లోపాల పరీక్ష, పూత మందం, అవసరమైతే బరువు పరీక్ష. ఎప్పుడు చేశారో తేదీతో పాటు సమయం కూడా.

5. షరతులు: ఎంత బరువు, ఎంత నీటిమట్టం, ఎంతమంది జనం, ఎప్పటిదాకా. తాత్కాలిక రిపేరైతే గడువు తేదీ.

6. మధ్య కాలం: బిగించే దాకా ఎక్కడ ఉంచాలి, వాన పడకుండా ఎలా కప్పాలి, ఆ రోజుల్లో బాధ్యత ఎవరిది.

7. రెండు సంతకాలు: ఇచ్చేవారిది, తీసుకునేవారిది. కుదిరితే ఇద్దరితో సంబంధం లేని మూడో పరిశీలకుడిది కూడా. తీసుకునేవారికి 'ఒప్పుకోను' అని రాసే హక్కు, దాని వల్ల పని ఆలస్యమైతే మాట పడని రక్షణ ఉండాలి.

చివరి వాక్యమే అన్నింటికన్నా కష్టం. ప్రారంభోత్సవం తేదీ ఖరారయ్యాక, పెద్దలు వస్తున్నారని తెలిశాక, ఒక అసిస్టెంట్ ఇంజినీరు 'ఈ వెల్డింగ్ మళ్లీ చూడాలి' అని రాయగలడా? రాయలేకపోతే మిగిలిన ఆరూ అలంకారమే.

సంతకం పెట్టాక తప్పు బయటపడితే?

కాంట్రాక్టుల్లో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఉంటుంది. ఆ గడువులో లోపం బయటపడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలి. వినడానికి బాగుంటుంది. చిక్కల్లా, ముక్క రెండు మూడు చేతులు మారినప్పుడు వస్తుంది. తయారు చేసినవాళ్లు 'బిగించడంలో తప్పు' అంటారు. బిగించినవాళ్లు 'ముక్కే తప్పు' అంటారు. నడిపేవాళ్లు 'మాకు చెప్పలేదు' అంటారు.

ఉమ్మడి పరిశీలన పత్రం లేనప్పుడు ముగ్గురి మాటా నిజమే అనిపిస్తుంది. గడువు కాస్తా కోర్టు వాయిదాల్లో కరిగిపోతుంది. ఆ పత్రం ఉంటే తప్పు ఏ చేతిలో జరిగిందో తేలుతుంది. నిజాయితీగా పని చేసిన కాంట్రాక్టరుకూ, ఇంజినీరుకూ అదే రక్షణ. కాబట్టి ఇది ఎవరినో పట్టుకోవడానికి పన్నే వల అనుకోనక్కర్లేదు.

అత్యవసరంలో ఇవన్నీ కుదురుతాయా?

తిరిగి తుంగభద్రకు వద్దాం. నీళ్లు పోతున్నాయి. ఫారాలు నింపే సమయం ఎక్కడ? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆ వారం రోజుల్లో మొదటి పని నీళ్లు ఆపడం. ఏ నిబంధనా దానికి అడ్డు రాకూడదు.

కానీ అత్యవసరంలో కాగితం వాయిదా పడొచ్చు గానీ రద్దు కాకూడదు. నీళ్లు ఆగిన మర్నాటి నుంచి అప్పగింత మొదలవ్వాలి. దించిన పలకల్లో ఏ ఉక్కు వాడారు, ఏ అతుకులు పరీక్షించారు, అవి ఎంతకాలానికి అన్నవి అప్పుడైనా పత్రంలోకి ఎక్కాలి. లేదంటే తాత్కాలికం మెల్లగా శాశ్వతమవుతుంది. ఆఫీసులో విరిగిన కుర్చీకి కట్టిన తాడు మూడేళ్లయినా అలాగే ఉన్నట్టు.

తుంగభద్రలో స్టాప్‌లాగ్ పెట్టడంతో కథ ముగియలేదు. నిపుణులు మిగతా గేట్లనూ చూశారు. 1953 నాటి డ్యామ్ గేట్లు ఏడు దశాబ్దాలు దాటాయి. మొత్తం 33 గేట్లూ మార్చాలన్న సిఫారసు వచ్చింది. కొత్త గేట్లు రాకముందే 2025 వానాకాలం వచ్చేసింది. దాదాపు 105 టీఎంసీలు పట్టే డ్యామ్‌లో ఆ ఏడాది నిల్వను 80 టీఎంసీలకు పరిమితం చేశారు.

రైతుకు ఇది నష్టమే. కానీ అప్పగింత భాషలో చూస్తే అది ఒక షరతు. 'ఈ గేట్లు ఇంతవరకే మోస్తాయి' అని ఒప్పుకుని, ఆ మేరకు నీటిమట్టం తగ్గించారు. గేట్లు మార్చేందుకు రెండో పంటకు నీళ్లు ఆపాల్సి వచ్చింది. షరతును ముందే, ఏటా చెప్పి ఉంటే గేట్ల మార్పిడి విడతలవారీగా జరిగేది. అన్ని గేట్ల భారం ఒక్క పంట మీద పడేది కాదు.

చట్టం కూడా ఈ దిశలోనే ఉంది. 2021 డ్యామ్ భద్రత చట్టం ప్రకారం పెద్ద డ్యామ్‌లను ఏటా వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయాలి. లాగ్‌బుక్ రాయాలి. నిర్దిష్ట గడువుల్లో స్వతంత్ర నిపుణులతో సమగ్ర పరిశీలన చేయించాలి. రిపేరైన ప్రతి ఉక్కు భాగం అప్పగింత పత్రాన్నీ ఆ లాగ్‌బుక్‌కు జతచేస్తే, పదేళ్ల తర్వాత బదిలీ మీద వచ్చే కొత్త ఇంజినీరుకు డ్యామ్ తన కథ తానే చెబుతుంది.

మీరు ఏం అడగొచ్చు?

మీ వీధి చివర ఫుట్‌ఓవర్ బ్రిడ్జిని నెల రోజులు మూసి, రంగు వేసి, మళ్లీ తెరిచారనుకోండి. ఫ్లైఓవర్ ఎక్స్‌పాన్షన్ జాయింట్ మార్చారనుకోండి. మీ ఊరి చెరువు తూము గేటు బాగు చేశారనుకోండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ చట్టం పత్రాల నకళ్లకే పరిమితం కాదు. పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి.

'రిపేరు బాగా చేశారా?' అని అడిగితే 'చేశాం' అనే జవాబు వస్తుంది. దాని బదులు ఇవి అడగండి:

- మరమ్మతు తర్వాత ఉమ్మడి పరిశీలన ఏ తేదీన జరిగింది? సంతకాలు చేసిన అధికారుల హోదాలేమిటి?
- వెల్డింగ్, బరువు పరీక్షల రిపోర్టుల నకళ్లు ఇవ్వండి.
- మరమ్మతులో మార్చకుండా వదిలేసిన ప్రధాన భాగాలేవి?
- ఎంత బరువుకు, ఎంత కాలానికి ఫిట్‌నెస్ ఇచ్చారు?
- తర్వాతి తనిఖీ ఎప్పుడు, ఎవరు చేయాలి?

ఇవే ప్రశ్నలు మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు రోపు మార్చినప్పుడు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులోనూ అడగొచ్చు. లిఫ్టు కంపెనీ మెకానిక్ సర్వీస్ స్లిప్ మీద వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోతే, దాన్ని అప్పగింత అనరు.

మోర్బీ వంతెన మీద ఆ సాయంత్రం టికెట్ కొనుక్కుని నడిచినవాళ్లకు కొత్తగా మెరిసే పలకలు కనిపించాయి. తలపైన కేబుల్‌లో 22 తీగలకు ముందే తుప్పు పట్టిందని వాళ్లకు తెలిసే దారి లేదు. తెలుసుకోవాల్సింది వాళ్లు కాదు. వాళ్ల తరఫున వంతెనను తీసుకుని, జనానికి తెరిచేముందు సంతకం పెట్టాల్సినవాళ్లు.